రిజిష్టరులో పిల్ల పేరు ఎట్ల రాసిన్రో చూసి రండి

జూన్ నెల వచ్చింది. సోలాపూర్‌లో బళ్లు జూన్ 15, 16 తారీఖుల కాడ తెరుస్తరు. కర్ణాటకలో ఉన్న మనోళ్లకు మే ఆఖర్లోనే మొదలై ఉంటది. ఎండాకాలం ముల్కుకు పోయినోళ్లు, పెండ్లిళ్లకు పోయినోళ్లు ఒక్కొక్కరు వెనకకు వస్తున్నరు. సాకర్ పేట, అశోక్ చౌక్ దిక్కు దుకాణాల ముందట నోటుబుక్కులు, నీళ్ల సీసాలు, రెయిన్‌కోట్లు వేలాడుతున్నయి.

బ్యాగులో ఏం పెట్టాలె, డబ్బాలో ఏం పెట్టాలె అనేది మన ఆడోళ్లకు నేను చెప్పేటంత లేదు. నేను నాలుగో తరగతి దాక చదివినోణ్ణి. పద్దెనిమిదేండ్లు మిల్లులో రింగు ఖాతాలో పని చేసిన. మిల్లు బందయినంక సాంచాల మీద చేసిన. ఇప్పుడు చేతులు ఆగినయి గని కాళ్లు ఆగలేదు. మా వీధిలో ఎవరికన్న దాఖలా కావాలె, అర్జీ ఇయ్యాలె అంటే వాళ్ల వెంబడి ఆఫీసులకు పోత. అట్ల తిరిగి తిరిగి నాకు ఒక్క సంగతి సమజయింది. మన పిల్లల కాగితాల తిప్పలు పదిహేను, పదహారేండ్లు వచ్చినంక బయటపడతయి గని, అవి మొదలయ్యేది మాత్రం ఆరో యేట, బడిలో పేరు ఎక్కించిన రోజే.

అందుకే ఈ యేడు ఫస్టుకు పిల్లలను పంపే తల్లిదండ్రులు, తాతలు, నాయనమ్మలు ఈ ముచ్చట కొంచెం ఓపికతో చదవాలె. చదవరానోళ్లకు చదివి చెప్పండి.

బడి ఆఫీసులో ఒక పెద్ద బుక్కు ఉంటది. జనరల్ రిజిష్టరు అంటరు. అందులో పిల్లకు ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరు ముందట ఒక్క గీత మీద అన్ని సంగతులు రాస్తరు. ఇంటిపేరు, పిల్ల పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ధర్మం, కులం, పుట్టిన ఊరు, పుట్టిన తారీఖు. తారీఖు అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. పిల్ల బడి విడిచి పోయేటప్పుడు చేతికి ఇచ్చే దాఖలా ఉంటది చూడండి, మరాఠీలో శాళా సోడల్యాచా దాఖలా, అందరం ఎల్‌సీ అంటం, అది ఆ గీతకు నకలే. ఆ దాఖలా పట్టుకొనే పెద్ద బడికి పోతరు. పెద్ద బడి వాళ్లు దాన్ని చూసే పదో తరగతి ఫారం నింపుతరు. బోర్డు మార్కుల కాగితం మీద అదే పేరు పడతది. తర్వాత కులం దాఖలాకు అదే, కాలేజీకి అదే, పాస్‌పోర్టుకు అదే. మగ్గం మీద మొదటి పోగు తప్పు ఎక్కితే కింద గజాల కొద్ది బట్ట మీద అదే గీత వస్తది గదా, అట్ల.

ఇప్పుడు మన పేర్ల సంగతి. మన ఇంటిపేరు ముందు ఉంటది, తర్వాత మన పేరు, అక్కడికి అయిపాయె. ఇక్కడి పద్ధతిలో పిల్ల పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ ఉండాలె. బడిలో ఇంటిపేరు ముందు రాస్తరు, ఆధార్‌లో ఆఖరుకు వస్తది. ఇది తెలువక మనోళ్లు ఏం చేస్తరు? ఫారం మీద "పూర్తి పేరు" అని ఉంటే పిల్ల పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగ చెప్తరు. రాసేటాయన తాత పేరునే ఇంటిపేరు అనుకొని రాసుకుంటడు. అక్కడి నుంచి ఆ పిల్లకు ఇంటిపేరు పోయి తాత పేరు మిగిలింది. అన్నకు ఇంటిపేరు ఒకటి, చెల్లెకు ఇంటిపేరు ఇంకొకటి ఉన్న ఇండ్లు మా చాళీలోనే ఉన్నయి. ఒకే కడుపున పుట్టిన పిల్లలు, కాగితం మీద ఎవరికి ఎవరు ఏమీ కారు.

మిల్లులో కూడ అట్లనే అయ్యింది. నేను పని చేసిన మిల్లు హాజరీ పుస్తకంలో నా పేరు, మా నాయిన పేరు రాసుకొని ఊకున్నరు. ఇంటిపేరు లేదు. పని చేసినన్ని రోజులు ఎవరికీ దాంతో పని పడలేదు. పీఎఫ్ పైసల కోసం పోయిననాడు ఆధార్‌లో మూడు పేర్లు, మిల్లు కాగితంలో రెండు పేర్లు. ఈయన, ఆయన ఒక్కరే అని నిరూపించనీకి నాకు పదకొండు నెలలు పట్టింది. పెద్దోళ్ల సంగతే ఇట్ల ఉంటే పసిపిల్లల సంగతి ఏం చెప్పాలె.

అక్షరాల సంగతి ఇంకొకటి ఉన్నది. మన భాషలో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. మరాఠీ రాతలో ఆ తేడా లేదు. కొండ అని మనం చెప్తే కోండా అని రాస్తరు. వెంకటేశం అని చెప్తే వ్యంకటేశ్ అని రాస్తరు, వాళ్ల నోటికి అదే పలుకుతది, వాళ్ల తప్పు కాదు. ఇంగ్లీషులోకి పోతే ఇంకో తీరు. ఒక అక్షరం ఎక్కువ, ఒక అక్షరం తక్కువ. ఏ తీరు రాసినా ఫరవాలేదు. కాని అన్ని కాగితాల మీద ఒకే తీరు ఉండాలె. అందుకే బడికి పోయేటప్పుడు నోటితో చెప్పకండి. ఒక కాగితం మీద పిల్ల పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఇంటిపేరు మరాఠీలో, ఇంగ్లీషులో రాసుకొని పోండి. పుట్టిన దాఖలాలో ఎట్ల ఉన్నదో ఆధార్‌లో అట్లనే ఉన్నదా ఇంట్లనే సరి చూసుకోండి. తండ్రి బడి దాఖలాలో ఇంటిపేరు ఎట్ల ఉన్నదో కూడ చూసి, అదే అక్షరాలతో పిల్లకు రాయించండి.

చిన్న పిల్లలు ఉన్నోళ్లకు ఇంకో మాట. 2024 మే 1 నాడు గాని ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకు మహారాష్ట్ర సర్కారు కాగితాల మీద తల్లి పేరు కూడ తప్పనిసరి చేసింది. ముందు పిల్ల పేరు, తర్వాత తల్లి పేరు, తర్వాత తండ్రి పేరు, ఆఖరుకు ఇంటిపేరు. ఈ యేడు బడికి పోయే పిల్లలు అంతకు ముందు పుట్టినోళ్లే కాబట్టి వాళ్లకు పాత వరుసనే. ఉయ్యాలలో ఉన్న వాళ్ల తమ్మునికి, చెల్లెకు మాత్రం కొత్త వరుస. నాకైతే ఇది మంచిగనే అనిపించింది. రోజంతా బీడీలు చుట్టి పిల్లను పెంచింది తల్లి, పేరు మాత్రం ఏ కాగితం మీద లేకపాయె.

పుట్టిన ఊరు సంగతికి వస్తున్న. మనలో మొదటి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకపోతరు. పుట్టిల్లు సిరిసిల్ల అయితే బిడ్డ సిరిసిల్లలో పుడతది, గద్వాల అయితే గద్వాలలో. పుట్టిన దాఖలా అక్కడి నుంచే వస్తది. మూడో నెలకు తల్లీబిడ్డ సోలాపూర్ వస్తరు, దాఖలా మాత్రం అమ్మమ్మ పెట్టెలో ఉండిపోతది. ఆరేండ్లకు బడి వాళ్లు అడిగినప్పుడు ఉరుకులు పరుగులు. ఎండాకాలం పోయి వచ్చేటప్పుడే తెచ్చుకున్నోళ్లు తెలివైనోళ్లు. దాఖలా తెచ్చినంక అందులో పిల్ల పేరు ఉన్నదా చూడండి. చానా దాఖలాల్లో "ఆడ శిశువు" అనో, పేరు జాగ ఖాళీగనో ఉంటది. పేరు ఎక్కించనీకి పుట్టిన సంవత్సరం లోపల అయితే రుసుము లేదు. ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏండ్ల దాక ఎక్కించుకోవచ్చు. పుట్టుక ఎక్కడ నమోదయిందో అక్కడికే పోవాలె.

పుట్టిన ఊరు ఉన్నది ఉన్నట్టే రాయించండి. ఇక్కడ పుట్టిందని చెప్తే మేలు అయితదని కొందరు అబద్ధం చెప్తరు, దాఖలా ఒకటి చెప్పి రిజిష్టరు ఒకటి చెప్తే ఆఖరుకు రెండూ చెల్లవు. ఊరు, తాలూకా, జిల్లా, రాష్ట్రం నాలుగూ రాయించాలె. ఇందులో మన ఇండ్లకు ఒక వింత ఉన్నది. తాత పుట్టినప్పుడు ఆ ఊరు హైదరాబాద్ సంస్థానంలో ఉండె. 1956 నవంబరు 1 తర్వాత పుట్టిన తండ్రికి అదే ఊరు ఆంధ్రప్రదేశ్ అయ్యింది. 2014 జూన్ 2 తర్వాత పుట్టిన మనుమనికి తెలంగాణ అయ్యింది. 2016 దసరాకు జిల్లాలు కూడ మారినయి, కరీంనగర్ జిల్లా సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లా అయ్యింది. ఊరు కదలలేదు, పేరు మారలేదు, కాగితం మీద మూడు రాష్ట్రాలు. ఆఫీసులో కూర్చున్నాయనకు ఇది తెలువకపోతే ఈ ముగ్గురు మూడు తీర్ల మనుషులు అనుకుంటడు. మనం ఓపికతో చెప్పాలె.

ఇక కులం గడి. ఈ మాట మీదనే ఎక్కువ చెప్పాలని కూర్చున్న.

మహారాష్ట్రలో పద్మశాలీలు ఎస్‌బీసీలో ఉన్నరు, విశేష్ మాగాస్ ప్రవర్గ్ అంటరు, దానికి 2 శాతం ఆరక్షణ ఉన్నది. తెలంగాణ నుంచి తెచ్చుకున్న కులం దాఖలా ఇక్కడి ఆరక్షణకు పనికిరాదు. మహారాష్ట్రలోనే దాఖలా తీసుకోవాలె. తీసుకోవాలంటే ఒక తారీఖు దాటాలె. ఎస్‌బీసీకి, ఓబీసీకి ఆ తారీఖు 1967 అక్టోబరు 13. ఆనాటికే మన తండ్రి గాని, తాత గాని మహారాష్ట్రలో ఉంటున్నట్టు రుజువు కావాలె. మన పేటల్లో పద్మశాలీలే లేరు, వేరే కులాల తెలుగోళ్లు కూడ ఉన్నరు. ఎస్‌సీ వాళ్లకు ఆ తారీఖు 1950 ఆగస్టు 10. వీజేఎన్‌టీ వాళ్లకు 1961 నవంబరు 21. ఈ తారీఖులను గోడ మీద రాసి పెట్టుకున్నా తప్పు లేదు.

దాఖలాతోనే అయిపోదు. కాలేజీ సీటుకు దాని పడతాళణి కావాలె, జాత్ పడతాళణి సమితి కాడ. వాళ్లు చూసేది తండ్రి దిక్కు రక్తసంబంధం. తల్లి దిక్కు కాగితాలు నడవవు. తండ్రి, తాత, చిన్నతాత, మేనత్త, పెదనాయిన, వీళ్ల పాత కాగితాలు కావాలె. అన్నిటికంటె గట్టిది పాత బడి రిజిష్టరు నకలు. మన తాతలు చానామంది పెద్దగ చదవలేదు. కాని ఒకటో తరగతి, రెండో తరగతి దాక బడికి పోయి, తర్వాత కండెలు చుట్టనీకి కూర్చున్నోళ్లు ఉన్నరు. ఆ రెండేండ్ల చదువే ఇప్పుడు మునిమనుమరాలికి అక్కరకు వస్తది. తాత బడికి పోలేదంటే ఆయన తమ్ముడు పోయిండా, చెల్లె పోయిందా అడగండి. మునిసిపాలిటీ పుట్టుక, చావు రిజిష్టర్ల నకలు, ఇంటి జాగ ఉతారా కూడ పనికొస్తయి. పాత బడికి పోయి ప్రవేశ్ నిర్గమ్ ఉతారా కావాలని అర్జీ ఇస్తే రిజిష్టరు చూసి నకలు ఇస్తరు. ఏ సంవత్సరం, ఏ బడి అని చెప్తే వాళ్లకు వెతకనీకి సులువు. ఆ సంవత్సరం చెప్పగలిగే ముసలోళ్లు ఇంట్లో ఉన్నప్పుడే అడిగి రాసి పెట్టుకోండి.

మా వీధిలో ఒక పిల్ల సంగతి చెప్త. తల్లి బీడీలు చుడతది, తండ్రి టవల్ కార్ఖానాలో సాంచాలు నడుపుతడు. పిల్ల పన్నెండో తరగతి సైన్సులో మంచి మార్కులు తెచ్చుకున్నది. ఇంజినీరింగుకు పేరు వచ్చింది. పడతాళణి కాగితం పెట్టమన్నరు. ఇంట్లో వెతికితే ముగ్గురివి మూడు కాగితాలు. తాత 1950ల్లో రెండేండ్లు బడికి పోయిండు, ఆ రిజిష్టరులో కులం జాగలో సాళీ అని ఉన్నది, ఇంటిపేరు ఒక తీరు. తండ్రి దాఖలాలో హిందు పద్మశాలి అని సరిగ్గనే ఉన్నది, ఇంటిపేరులో ఒక అక్షరం వేరు. పిల్ల దాఖలాలో కులం జాగలో "తెలుగు" అని ఉన్నది, ఇంటిపేరు జాగలో తాత పేరు ఉన్నది. తెలుగు అనేది భాష, కులం కాదు. ఫస్టులో చేర్పించిననాడు తల్లిని "మీరు ఎవరు" అని అడిగిన్రట. ఆమె "మేము తెలుగోళ్లం" అన్నది. అడిగినదానికి ఆమె సరిగ్గనే చెప్పింది. రాసేటాయన దాన్ని కులం గడిలో పెట్టిండు. పన్నెండేండ్లు ఎవరూ చూడలేదు.

ఆ పిల్ల వెంబడి నేను, వాళ్ల నాయిన ఎన్నిసార్లు తిరిగినమో లెక్క లేదు. నాయిన రెండో పాళీ చేసి రాత్రి పన్నెండు గంటలకు ఇంటికి వచ్చి, పొద్దున్నే లేచి నాతోని వచ్చేటోడు. తిరిగినన్ని రోజులు కూలి పాయె. ఆ ముగ్గురు ఒకే ఇంటోళ్లని చూపించనీకి చిన్నతాత కొడుకు కాగితాలు దొరికినయి, వాళ్లకు ముందే పడతాళణి అయి ఉండె, అది పెద్ద ఆసరా అయ్యింది. కాగితం వచ్చేసరికి ఆ యేటి సీటు పోయింది. పూర ఫీజు కట్టే తాకత్ ఆ ఇంటికి లేదు. పిల్ల ఒక యేడు ఇంట్లో తల్లితో బీడీలు చుట్టింది. మరుసటి యేడు డిప్లొమాలో చేరింది. ఇప్పుడు చదువుతున్నది. నేను కనపడితే నవ్వుతది, గని ఆ యేడు సంగతి మాట్లాడదు.

ఫస్టులో చేర్పించేనాడు ఐదు నిమిషాలు రిజిష్టరు ముందట నిలబడితే ఆ యేడు దక్కేది. అందుకే చెప్తున్న, ఫారం మీద సంతకం చేసి రావొద్దు. ఎక్కించినంక ఒకసారి చూపించండని మర్యాదగ అడగండి. "సర్, ఏక్ వేళా దాఖవా" అంటే చాలు. ఇష్టం లేని మొహం పెట్టినా చూపిస్తరు. చదవరాకపోతే చదివే మనిషిని వెంట పెట్టుకొని పోండి. తర్వాత బోనాఫైడ్ కాగితం ఒకటి అడిగి తీసుకోండి. అందులో అవే సంగతులు ఉంటయి, ఇంట్లో కూర్చొని నిదానంగ చూసుకోవచ్చు. కులం రాయించుడు వద్దు అనేటోళ్లు కూడ మనలో ఉన్నరు, వాళ్ల ఆలోచన వాళ్లది, నేను తప్పు పట్ట. కాని రాయిస్తే సరిగ్గ రాయించాలె. హిందు అని ఒక్కటే రాసి వదిలేసుడు, తెలుగు అని రాసుడు, రెండూ ఎటూ కావు.

ఇప్పటికే బడిలో ఉన్న పిల్లలకు తప్పు పడి ఉంటే? భయపడే పని లేదు, కాని పిల్ల ఆ బడిలో ఉన్నప్పుడే చెయ్యాలె. హెడ్మాస్తర్‌కు అర్జీ, పుట్టిన దాఖలా, తండ్రి దాఖలా, ప్రతిజ్ఞాపత్రం జతచేసి ఇస్తే, ఆయన శిక్షణాధికారి కార్యాలయానికి పంపి మంజూరీ తెచ్చి దిద్దుతడు. దాఖలా తీసుకొని బయటపడ్డంక దిద్దించుడు చానా కష్టం. నాలుగో తరగతి పిల్లల తల్లిదండ్రులు ముఖ్యంగ వినండి. చానా బళ్లల్లో నాలుగుతోనే అయిపోతది, వచ్చే యేడు దాఖలా చేతికి వస్తది. ఈ యేడే చూసుకోండి. అర్జీ ఇచ్చినప్పుడు రెండో కాపీ మీద ముద్ర, తారీఖు వేయించుకోవడం మర్చిపోవద్దు. ముద్ర లేని అర్జీ ఇచ్చినా ఒకటే, ఇయ్యకున్నా ఒకటే.

ఇదంతా చదివి కాగితాలు లేని తల్లి ఎవరన్న గాబరా పడి పిల్లను ఇంట్లో కూర్చోబెట్టొద్దు. 2010 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్న విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదని పిల్లను చేర్చుకోమనడానికి లేదు. ముందు చేర్పించండి, కాగితం వెనక నుంచి తేవచ్చు. వేరే బడి నుంచి దాఖలా రాలేదన్న కారణం మీద కూడ ఆపడానికి లేదు. ఫస్టుకు ఆరేండ్లు నిండాలె. చేర్చుకునేటప్పుడు పిల్లకు పరీక్ష పెట్టుడు, డొనేషన్ అడుగుడు చట్టానికి విరుద్ధం. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు మాత్రం పుట్టిన తారీఖుకు పుట్టిన దాఖలా ఒక్కటే నడుస్తది. వాళ్లు బడికి వచ్చేసరికి ఇంకా రెండు, మూడేండ్లు ఉన్నయి, ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి.

ఆధార్ సంగతి. చిన్నప్పుడు తీసిన నీలం ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు. ఐదేండ్లు నిండినంక వేలిముద్రలు, కండ్లు ఎక్కించాలె. ఐదు నుంచి ఏడేండ్ల లోపల దానికి పైసలు పడవు. ఎవరన్న అడిగితే రసీదు అడగండి. బడిలో ఇప్పుడు అపార్ అని 12 అంకెల నంబరు కూడ తీస్తున్నరు, దానికి తల్లిదండ్రుల సంతకం అడుగుతరు. బడి పేరు, ఆధార్ పేరు ఒకటి కాకుంటే అదీ ఆగుతది. మల్ల అదే సంగతి.

ఐదు, ఆరేండ్ల పిల్లలకు డీపీటీ రెండో బూస్టర్ సూది ఉంటది. బడి తొందరలో దాన్ని మర్చిపోతరు. పాలిక దవాఖానాలో ఉచితమే, కార్డు తీసుకొని పోండి. ఆగస్టు 10 కాడ బడిలో నులిపురుగుల గోళీ ఇస్తరు, ఆ రోజు పిల్లను బడికి తప్పక పంపండి. దాని వల్ల ఏదో అయితదని పుకార్లు వస్తయి ప్రతి యేడు. మా ఇంట్లో పిల్లలందరు తిన్నరు.

బీడీల అక్కలకు ఒక ముఖ్యమైన మాట. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర సర్కారు ఇచ్చే స్కాలర్‌షిప్పు ఒకటో తరగతి నుంచే ఉన్నది. చానామంది పెద్ద చదువులకే అనుకుంటరు. నాలుగో తరగతి దాక యేడాదికి 1,000 రూపాయలు, తరగతి పెరిగినకొద్ది పెరిగి పెద్ద చదువులకు 25,000 దాక పోతది. తల్లికో తండ్రికో బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉండాలె. అర్జీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కంప్యూటర్ మీదనే పెట్టాలె. పెట్టినంక బడి వాళ్లు తమ దిక్కు నుంచి దాన్ని పాసు చెయ్యాలె, లేకుంటే అక్కడనే ఆగిపోతది. హెడ్మాస్తర్‌కు రెండుసార్లు యాది చెయ్యండి. పైసలు ఆధార్ జోడించిన బ్యాంకు ఖాతాలోకే వస్తయి, కాబట్టి ఆ జోడింపు అయ్యిందా లేదా బ్యాంకులో అడగండి. కార్డు లేని అక్కలు ఈ నెలలోనే కార్డు సంగతి చూసుకోండి. వెయ్యి బీడీలకు ఎన్ని గంటలు కూర్చోవాలెనో మీకు తెలుసు. వెయ్యి రూపాయలు వదిలిపెట్టే ఇండ్లు కావు మనవి.

ఇంకొక మాట కూడ అంటున్న, కోపం చెయ్యొద్దు. సాయంత్రం కార్ఖానాకు ఇచ్చే లెక్క తక్కువ పడితే బడి నుంచి వచ్చిన పిల్లను పక్కన కూర్చోబెట్టి బీడీలు కట్టిస్తరు. చిన్న వేళ్లు బాగ నడుస్తయని అంటరు. ఆ తంబాకు పొడి ఆ పిల్ల ఊపిరిలోకే పోతది. ఐదారు బీడీలు పాసు కాకుంటే పోనీ గని పిల్లను లేపి బయట ఆడుకోనీయండి.

ఏ మాధ్యమంలో వెయ్యాలె అని నన్ను చానామంది అడుగుతరు. తెలుగు బడిలో వేస్తే ముందు ఎట్ల అని భయం. మన ఊళ్లో తెలుగు మాధ్యమం బళ్లు ఉన్నయి, బాలభారతి తెలుగులో కూడ బుక్కులు అచ్చేస్తది. 2020లో వచ్చిన చట్టంతోని మహారాష్ట్రలో ఏ మాధ్యమం బడిలోనైనా మరాఠీ నేర్పాల్సిందే. కాబట్టి తెలుగు బడిలో వేసినంత మాత్రాన మరాఠీ రాకుండ పోదు. ఇంగ్లీషు బోర్డు పెట్టిన ప్రతి గల్లీ బడి ఇంగ్లీషు నేర్పుతదని కూడ లేదు. ఫీజు కట్టనీకి తండ్రి రెండు పాళీలు చేసి, పిల్లకు మూడో తరగతికి కూడ ఏ భాషలో ఒక పేరా చదవరాని ఇండ్లు చూసిన. నేనైతే పక్కన ఉన్న బడి, టీచర్ రోజూ వచ్చే బడి చూసుకోండి అంట. ఏ బడిలో వేసినా ఇంట్లో తెలుగు మాట్లాడుడు మాత్రం బందు చెయ్యొద్దు. ముల్కుకు పోయినప్పుడు అమ్మమ్మతో మాట్లాడనీకి పిల్లకు నోరు ఉండాలె గదా.

బడి మధ్యాహ్నం తిండి సంగతి ఎందుకు చెప్తున్ననంటే, ఐదో తరగతి దాక ఒక్కో పిల్లకు రోజుకు 100 గ్రాముల ధాన్యం, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాక 150 గ్రాములు అని లెక్క ఉన్నది. పిల్ల సగం కడుపుతో ఇంటికి వస్తే అడిగే హక్కు మనకు ఉన్నది. అడగాల్సిన జాగ శాళా వ్యవస్థాపన్ సమితి. సర్కారు బళ్లల్లో, సర్కారు పైసలతో నడిచే బళ్లల్లో అది ఉండాలె. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడోళ్లు ఉండాలని చట్టంలోనే ఉన్నది. జూన్, జూలైలో మీటింగు పెడతరు. పాళీ ఉన్నదని మగోళ్లు పోరు, పని ఉన్నదని ఆడోళ్లు పోరు. ఆఖరుకు పోయిన నలుగురి పేర్లే రాసుకుంటరు. మా వీధి నుంచి పోయిన యేడు ఒక బీడీల అక్క పోయి కూర్చున్నది. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. ఆడపిల్లల సండాసు తలుపుకు గొండెం లేదని ఒక్క మాట చెప్పి వచ్చింది. పది రోజుల్లో గొండెం పడ్డది.

బడి తెరిచిన మొదటి రోజే బుక్కులు పంచుతరు, అందుకే పెండ్లి ఉన్నది, బోనాలు ఉన్నయి అని పిల్లలను ముల్కులోనే ఉంచి రావొద్దు. మొదటి వారం పోని పిల్ల ఆ నెలంతా వెనకనే ఉంటది.

వెంట తీసుకుపోవాల్సినవి: పిల్ల పుట్టిన దాఖలా, పిల్ల ఆధార్, తల్లిదండ్రుల ఆధార్, రేషన్ కార్డు, తండ్రి బడి దాఖలా, ఉంటే తండ్రి కులం దాఖలా, సూదుల కార్డు, రెండు ఫోటోలు. అన్నిటి జిరాక్సులు ఇయ్యండి, అసలు కాగితం ఎవరి చేతిలో పెట్టి రావొద్దు, చూపించి వాపస్ తీసుకోండి. జిరాక్సు ఒకటి ఇంట్లో కూడ ఉండాలె. వానకాలం, రేకుల ఇండ్లు, ప్లాస్టిక్ కవరులో వేసి పెట్టె అడుగున పెట్టండి.

ఫారం నింపరాకపోతే మా వీధి గుడి అరుగు మీద నేను, ఇంకో ఇద్దరు రిటైరైనోళ్లం సాయంత్రం ఐదు నుంచి ఏడు దాక కూర్చుంటం, జూన్ నెలంతా. పైసలు ఏమీ లేవు. తాత కాగితాలు ఎంత చినిగినా, మసకబారినా తెండి, చూద్దాం.